బీఎస్ఏ బీ31కి పార్టులు వెతికిన ఏడాదిన్నర: నా అనుభవం

బొల్లారంలో మా పెదనాన్న ఇంటి వెనక షెడ్డులో రెండు దశాబ్దాలకు పైగా నిలబడిపోయిన బీఎస్ఏ బీ31 అనే పాత ఇంగ్లీషు మోటార్‌సైకిల్‌ని 2024 ఫిబ్రవరిలో ట్రాలీ ఆటో ఎక్కించి మల్కాజిగిరి తెచ్చుకున్నాను. "తీసుకుపోరా, కోళ్లకి తప్ప ఎవరికీ పనికిరావట్లేదు" అన్నాడు పెదనాన్న. షెడ్డు ఖాళీ అయిందన్న సంతోషంలో పెద్దమ్మ నాకు భోజనం పెట్టి మరీ పంపింది. బండి స్టార్టయింది 2025 జూన్‌లో, రోడ్డెక్కింది ఆగస్టులో. ఇంజన్ విప్పి బిగించడానికి అన్నీ కలిపి నెల కూడా పట్టి ఉండదు. మిగతా కాలమంతా ఒక నట్టు కోసమో, ఒక పార్సిల్ కోసమో, ఫోనెత్తని మనిషి కోసమో ఎదురుచూడటంతోనే గడిచిపోయింది.

వచ్చినప్పుడు బండి పరిస్థితి ఇది. ఇంజన్ తిరుగుతోంది కానీ కంప్రెషన్ లేదు. లూకాస్ మ్యాగ్‌డైనో (స్పార్కుకి మ్యాగ్నెటో, లైట్లకి డైనమో రెండూ ఒకటిగా ఉంటాయి) పూర్తిగా బిగుసుకుపోయింది. ఎవరో ఆమల్ కార్బొరేటర్ తీసేసి బుల్లెట్‌కి వచ్చే మిక్‌కార్బ్ పెట్టారు. సైలెన్సర్ కూడా బుల్లెట్‌దే. స్పీడోమీటర్ ఉండాల్సిన చోట ఖాళీ. టూల్‌బాక్స్‌కి మూత లేదు. అదృష్టం ఏమిటంటే పెదనాన్న ఏదీ పారేసే మనిషి కాదు. పాత ఆమల్, రెండు చాంపియన్ ప్లగ్గులు, అరిగిపోయిన ఆర్సీ పుస్తకం అన్నీ ఒక డాల్డా డబ్బాలో దొరికాయి.

ఇంజన్ నంబరు ZB31తో మొదలవుతుంది, అంటే 1949 తర్వాతి బండి. వెనక సస్పెన్షన్ లేని రిజిడ్ ఫ్రేము. ఇంజన్ మీది నంబరూ ఫ్రేము మీది నంబరూ వేరు. అది చూసి మా బావమరిది "ఎవరో ఇంజన్ మార్చేశారు బావా" అని గుండెల్లో రాయి వేశాడు. నాలుగు రోజులు నిద్రపట్టలేదు. తర్వాత తెలిసింది, ఆ కాలపు బీఎస్ఏలకి ఫ్యాక్టరీ నుంచే రెండు నంబర్లూ కలవవట. కలవాల్సింది మన ఆర్సీలో రాసి ఉన్న నంబర్లతో. అవి కలిశాయి.

మార్చిలో పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. బీఎస్ఏ అనగానే మొదటి దుకాణంలోనే "ఓ తో సైకిల్ హై నా భాయ్" అని సైకిల్ షాపుకి దారి చూపించారు. నవ్వి ఊరుకున్నాను. అదే ఏడాది ఆగస్టు 15న బీఎస్ఏ గోల్డ్ స్టార్ అనే బండి కొత్తగా మన దేశంలో విడుదలైంది. ఇక ఆ తర్వాత ఎక్కడ అడిగినా "షోరూముకి పోండి సార్, పార్టులు అక్కడే వస్తాయి" అనేవారు. వాళ్లదేం తప్పులేదు. బర్మింగ్‌హామ్‌లో అసలు కంపెనీ 1970లలోనే మూతపడింది. ఆ పేరు చెప్పి పార్టు అడిగితే ఇవ్వగలిగినవాళ్లు హైదరాబాద్‌లో నాకు ఎవరూ తగల్లేదు.

దారి చూపింది రాణీగంజ్‌లో ఒక బేరింగుల షాపు పెద్దాయన. వీల్ బేరింగు ఏ బండిదో చెప్పబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, "బండి పేరు నాకెందుకు, పీసు ఇవ్వు" అన్నాడు. వెర్నియర్‌తో మూడు కొలతలు తీశాడు, అంచు మీద అరిగిపోయిన అక్షరాలు భూతద్దంలో చదివాడు, లోపలికి వెళ్లి ఐదు నిమిషాల్లో కొత్త బేరింగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అంగుళాల బేరింగులకి ఆర్‌ఎల్‌ఎస్, ఆర్‌ఎంఎస్ అని వరసలున్నాయి. పాత మిషన్లకి ఇప్పటికీ అవే వాడతారు కాబట్టి అవి రాణీగంజ్‌లో ఎప్పుడూ ఉంటాయట. నేను వారం రోజులు ఇంగ్లండ్ ధరలు చూస్తూ దిగులుపడ్డ వస్తువు 640 రూపాయలకు చేతిలో ఉంది. ఆ రోజు నుంచి నా నోట్‌బుక్‌లో పార్టుల పేర్లు కొట్టేసి కొలతలు రాసుకున్నాను: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అంగుళానికి ఎన్ని చూడీలు (బోల్టు మీది మరలు).

ఈ చూడీల గొడవ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా డబ్బుకన్నా ఓపిక దీనికే ఎక్కువ ఖర్చయింది. ఈ బండిలో మన మిల్లీమీటరు బోల్టు ఒక్కటీ ఉండదు. అన్నీ అంగుళాల లెక్క ఇంగ్లీషు త్రెడ్లే: కొన్నిచోట్ల విట్‌వర్త్, కొన్నిచోట్ల బీఎస్‌ఎఫ్, చాలాచోట్ల సైకిల్ త్రెడ్. సైకిల్ త్రెడ్‌లో రెండు సూత్ (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) బోల్టైనా మూడు సూత్ బోల్టైనా అంగుళానికి 26 చూడీలే. ఇక్కడే అసలు ప్రమాదం. రెండున్నర సూత్ బోల్టుకీ మన 8 ఎం.ఎం. బోల్టుకీ లావులో తేడా వెంట్రుకవాసి. 8 ఎం.ఎం.లో ఒక మిల్లీమీటరు పిచ్ (చూడీకీ చూడీకీ మధ్య దూరం) ఉన్న ఫైన్ త్రెడ్ నట్టు తెచ్చి తిప్పితే హాయిగా ఎక్కుతుంది, రెండుమూడు చుట్లు తిరిగాక బిగుస్తుంది. మెకానిక్ "బరాబర్ కూర్చుంది" అనుకుని పానాకి పైపు తొడిగి లాగుతాడు. అంతే, స్టడ్డు మీద చూడీలు నున్నగా అయిపోతాయి. నా బండి గేర్‌బాక్స్ దగ్గర స్టడ్డులకు గతంలో ఎవరో సరిగ్గా ఇదే వైద్యం చేశారు.

అందుకే నట్లు, బోల్టుల విషయంలో మొట్టమొదట కొన్నది పార్టు కాదు, త్రెడ్ గేజు. రంపం పళ్లలాంటి రేకుల గుత్తి అది. చూడీల కోణాన్ని బట్టి 55 డిగ్రీలది ఒకటి, 60 డిగ్రీలది ఒకటి, రెండూ కావాలి. రెండూ కలిపి 700 లోపే. స్టడ్డు మీద రేకు ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే, సందులోంచి వెలుగు కనబడకపోతే అదే సరైనది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక బాల్కనీలో కూర్చుని ఒక్కో బోల్టుకీ ఈ పని చేసి, కవర్లో వేసి చీటీ అంటించేవాణ్ణి. మా ఆవిడ చూసి "ఇన్ని చీటీలు నీ పీఎఫ్ కాగితాలకి అంటించి ఉంటే బాగుండేది" అంది.

నట్లు, బోల్టులు మూడుచోట్ల దొరికాయి. పాత బుల్లెట్లలో ఇంగ్లీషు త్రెడ్లే చాలా ఉంటాయి కాబట్టి పుత్లీబౌలిలో పాత స్టాకు ఉన్న బుల్లెట్ దుకాణాల్లో కొన్ని దొరికాయి. అక్కడ డబ్బాలు కిందపోసి వెతుక్కోనిస్తారు, కాకపోతే మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వెళ్లాలి. గురువారం జుమేరాత్ బజార్‌లో కొన్ని ఏరుకున్నాను. మిగతావి బాలానగర్‌లో ఒక లేత్ షాపులో చేయించాను. అక్కడి ఉస్తాద్ దగ్గర 26 చూడీలు కోసే ట్యాపు, డై ఉన్నాయి. ఒక్కో స్టడ్డుకి 150 నుంచి 250 తీసుకున్నాడు. "మైల్డ్ స్టీలుతో చేస్తే సాగిపోతుంది, గట్టి స్టీలు, ఈఎన్8 కడ్డీ తెచ్చుకో బేటా" అని ముందే చెప్పాడు. ఆ కడ్డీ మళ్లీ రాణీగంజ్‌లోనే.

పానాలు కూడా వేరే కావాలి. విట్‌వర్త్ పానా మీద రాసే సైజు బోల్టు లావుది, తలది కాదు. అందుకే మన 12, 13, 14 నంబర్లతో ఏదీ కుదరదు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత పనిముట్లు కుప్పపోసి అమ్మేవాళ్ల దగ్గర ఓపిగ్గా ఏరితే ఇంగ్లండ్‌లో చేసిన రింగ్ పానాలే దొరికాయి. నా లెక్కలో ఇది హైదరాబాద్‌లో ఉన్నందుకు దక్కిన లాభం. కంటోన్మెంట్, పాత వర్క్‌షాపుల సామాను ఎన్ని చేతులు మారినా ఏదో ఒక ఆదివారం అక్కడ తేలుతుంది.

మే నెలలో మ్యాగ్‌డైనో విప్పించాను. లూకాస్ మ్యాగ్నెటోలో ఆర్మేచర్ (లోపల తిరిగే తీగచుట్ట) బయటికి లాగేముందు పికప్ బ్రష్, ఎర్త్ బ్రష్, సేఫ్టీ స్క్రూ అన్నీ తీసేయాలి. ఒక్కటి మరిచిపోయి లాగితే దాని కొసన ఉండే స్లిప్ రింగు అంచు పుటుక్కున విరుగుతుంది. మేం అన్నీ తీసి జాగ్రత్తగానే లాగాం. బయటికి వచ్చిన స్లిప్ రింగు అప్పటికే విరిగి, ఎరాల్డైట్‌తో అతికించి ఉంది! ఎన్నేళ్ల కిందటి పనో. ఆర్మేచర్ చుట్టూ లక్క కరిగి, కారి, గడ్డకట్టింది. బిగుసుకుపోవడానికి కారణం అదే.

మోటార్ వైండింగ్ షాపులు నాలుగైదు తిరిగాను. ఫ్యాన్లు, పంపులు చుట్టేవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, మర్యాదగా తిరిగిచ్చేశారు. లోపలి సెకండరీ తీగ తలవెంట్రుకంత సన్నం, వేల చుట్లు. చివరికి కోయంబత్తూరులో ఇదే పని చేసే ఒకాయన ఉన్నాడని తెలిసి కొరియర్‌లో పంపాను. మూడు వారాలన్నాడు.

స్లిప్ రింగు, పిస్టన్, గాస్కెట్లు, కార్బొరేటర్ లోపలి జెట్లు, నీడిల్, ఇవి మాత్రం ఇంగ్లండ్ నుంచే రావాలని అప్పటికి తేలిపోయింది. పిస్టన్ విషయంలో బోరింగ్ షాపువాళ్లు "స్లీవ్ వేసి బుల్లెట్ పిస్టన్ దింపేద్దాం" అన్నారు. బీ31 బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 71 ఎం.ఎం., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88. బుల్లెట్ 350ది 70, 90. వినడానికి దగ్గరగానే ఉంటుంది. కానీ పిన్ను నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు, తల ఆకారం, వాల్వులకు ఖాళీ, ఇవన్నీ కుదరాలి. అలా నడుపుతున్నవాళ్లు ఉన్నారు, తప్పుపట్టను. నాకు మనసొప్పలేదు. సిలిండరు కొలిపిస్తే అప్పటికే 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెంచి ఉంది, అదీ అరిగింది. కాబట్టి 60 థౌ ఓవర్‌సైజు పిస్టన్. దాని తర్వాత ఇక స్లీవే గతి. ఇంకో సంగతి, పిస్టన్ చేతికి రాకముందే బోరు చేయించకూడదు. మంచి బోరింగ్ షాపువాడు చేయడు కూడా.

జూన్ రెండో వారంలో ఆర్డరు పెట్టాను. సరుకు 204 పౌండ్లు, పోస్టేజీ 36. రెండు వారాల్లో ఢిల్లీ చేరినట్టు మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత మొదలైంది టెన్షన్. ఆధార్ అడిగారు, ఇచ్చాను. డబ్బు కట్టిన రుజువు అడిగారు, ఇచ్చాను. మూడోసారి "ఇవి వాడిన వస్తువులా" అని అడిగారు. పంపినవాళ్లు పెట్టె మీద పాత మోటార్‌సైకిల్ పార్టులు అని అర్థం వచ్చేలా రాశారు, అదీ సంగతి. వాడిన వస్తువులు మామూలు మనిషి దిగుమతి చేసుకోవడం మన దగ్గర ఆంక్షల కిందికి వస్తుంది, లైసెన్సు కావాలి. నావి పాత బండికి ఇప్పుడు తయారుచేసిన కొత్త పార్టులు. అమ్మినవాళ్ల చేత ఆ మాటే రాయించిన కొత్త ఇన్‌వాయిస్ తెప్పించి పంపాను. పార్సిల్ కదలడానికి ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది. సుంకం ఒక్క సరుకు మీదే వేయరు, పోస్టేజీ కూడా కలిపి ఆ మొత్తం మీద వేస్తారు. దాని మీద జీఎస్టీ, దాని పైన కొరియర్ వాళ్ల హ్యాండ్లింగ్. 25 వేల పైచిలుకు సరుకుకి ఇంకో 13,800 కట్టాను. హ్యాండ్లింగ్ ప్రతి పార్సిల్‌కీ విడిగా పడుతుంది కాబట్టి చిన్న చిన్న ఆర్డర్లు పెట్టకుండా అన్నీ ఒకేసారి తెప్పించుకోవడం మేలు. ఆ దేశంలో ఎవరో అమ్ముతున్న వాడిన స్పీడోమీటర్ మీద కన్నేసి ఉన్నాను, ఆ ఆశ అక్కడితో వదులుకున్నాను.

స్లిప్ రింగు కోయంబత్తూరు పంపాను. ఆగస్టు పోయింది. సెప్టెంబరులో వినాయకుడి నిమజ్జనం కూడా అయిపోయింది. అక్టోబరులో ఆయన ఫోనెత్తడం మానేశాడు. ఆ నెలలో నేను నిజంగా బండి అమ్మేద్దామనుకున్నాను. హాల్లో ఒక మూల ఇంజన్, మంచం కింద ఫోర్కులు, పిల్లవాడి సైకిల్ పెట్టుకునే చోట ఫ్రేము. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా ఇబ్బందిగా ఉండేది. పూణే నుంచి ఒకాయన వచ్చి ఉన్నది ఉన్నట్టు లక్షా పదివేలకు తీసుకుపోతానన్నాడు. పెదనాన్నకి ఫోన్ చేస్తే "నీ ఇష్టంరా" అని, ఒక్క క్షణం ఆగి, "మ్యాగ్నెటో వచ్చిందా?" అని అడిగాడు. అమ్మలేదు.

దీపావళి తర్వాత కొరియర్ వచ్చింది. ఫోనెందుకు ఎత్తలేదని ఆయన్ని అడగలేదు, పని అంత బాగుంది. చుట్టడం, కొత్త కెపాసిటర్, బేరింగులు, అయస్కాంతానికి మళ్లీ పట్టు ఎక్కించడం అన్నీ కలిపి 14,500. ఫిట్ చేసేముందు ఒక పరీక్ష చేయమన్నాడు: హెయిర్ డ్రయ్యర్‌తో ఆర్మేచర్‌ని చెయ్యి పెట్టలేనంత వేడిచేసి అప్పుడు స్పార్కు చూడమని. ఎందుకంటే పాడైన మ్యాగ్నెటో చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, ఇంజన్ వేడెక్కి ఆపాక మాత్రం మళ్లీ స్టార్ట్ కాదు. వేడి మీద కూడా నీలం స్పార్కు టకటకా పడింది.

నవంబరులో ఒక ఆదివారం ఎర్రగడ్డలో స్మిత్స్ క్రోనోమెట్రిక్ స్పీడోమీటర్ కనిపించింది. 80 మైళ్ల డయలు, అద్దం పగిలింది. కేబుల్ తగిలించే చోట వేళ్లతో తిప్పాను. టిక్ టిక్ మంటూ ముల్లు కుదుపుతో పైకి లేచి ఆగింది, మళ్లీ కుదుపుతో లేచింది. అమ్మేవాడే ముందు మాట్లాడాడు: "లోపల ఏదో విరిగిపోయింది సార్, చూసుకుని తీసుకోండి, తర్వాత నన్ను అనొద్దు." ఆ మీటరు పనిచేసే పద్ధతే అది. లోపల గడియారం లాంటి యంత్రం ఉంటుంది, ముల్లు జారినట్టు కదలదు, మెట్లు మెట్లుగా కదులుతుంది. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా 1,800 ఇచ్చి జేబులో పెట్టుకున్నాను. అద్దం అబిడ్స్‌లో గోడగడియారాలు బాగుచేసే పెద్దాయన కోసి పెట్టాడు, రెండు వందలకి.

మిగతావి పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. టైర్లు రెండూ 3.25-19, బుల్లెట్ సైజే, ఏ షాపులోనైనా ఉంటాయి. కేబుళ్లు పాతవి చూపిస్తే జాంబాగ్‌లో కొలత ప్రకారం చేసిచ్చారు. క్లచ్ ప్లేట్లకు కార్కు, బ్రేక్ షూలకు లైనింగ్ అతికేవాళ్లు ఇంకా ఉన్నారు. స్మాల్ ఎండ్ బుష్షు గన్‌మెటల్ వద్దని ఫాస్ఫర్ బ్రాంజ్‌తో చేయించాను. పెయింట్ గురించి చెప్పడానికేమీ లేదు, నలుపు, 9,000.

కార్బొరేటర్ మాత్రం మళ్లీ కాలం తినేసింది. డాల్డా డబ్బాలోని ఆమల్ బాడీ లోపల స్లయిడ్ వదులైపోయి గలగలమంటోంది. మార్కెట్లో ఆమల్ పేరుతో నకళ్లు దొరుకుతాయి. ఒకటి కొన్నాను, దాని జెట్టు చూడీలు అసలు జెట్టుకు సరిపోలేదు, వాపసు తీసుకోలేదు, 2,200 పోయాయి. ఆ బాలానగర్ ఉస్తాదే బాడీని లోపల సాఫు చేసి, దానికి తగ్గట్టు ఇత్తడి స్లయిడ్ చేసిచ్చాడు. మూడుసార్లు తిప్పిపంపుకుని మరీ సరిచేశాడు.

2025 జూన్ మొదట్లో స్టార్ట్ చేశాం. హ్యాండిల్ మీది లీవర్‌తో స్పార్కు వెనక్కి జరపాలి, ఫ్లోట్ మీది బుడిపె నొక్కి పెట్రోల్ పొంగించాలి, వాల్వు లిఫ్టర్ పట్టుకుని కిక్కు సరైన చోటికి తేవాలి, అప్పుడు తన్నాలి. మొదట్లో ఏమీ లేదు. ఒకసారి వెనక్కి తన్నింది, మడమ వారం రోజులు నొప్పి. తర్వాత ఉన్నట్టుండి అందుకుంది. ఆయిల్ ట్యాంకులోంచి కారి ఇంజన్ అడుగున చేరిన ఆయిలంతా తెల్లటి పొగై వీధి నిండిపోయింది. ఎదురింటి ఆంటీ దోమల మందు బండి అనుకుని కిటికీలు మూసుకుంది. ఈ బండ్లు చాలా రోజులు నిలబెడితే ఆయిల్ అలా దిగడం మామూలే. అరగంట నడిచాక ఆపి, వేడి మీదే మళ్లీ తన్నాను. రెండో కిక్కుకి అందుకుంది. అప్పుడు గానీ మ్యాగ్నెటో మీద నమ్మకం కలగలేదు.

కాగితాల సంగతి ఇంకా తేలలేదు. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్తగా అయితే ఫీజు 20,000, పదేళ్లకి చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. ఇంతకుముందే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకునే వీలుంది. రోజువారీ తిరగడానికి మాత్రం కాదు. ఇంజన్‌లో, ఛాసిస్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్న షరతు ఉంది. బుల్లెట్ ఇంజన్ దింపేద్దామని సలహా ఇచ్చేవాళ్ల మాట వినేముందు అది చదువుకోవాలి. నా పాత ఆర్సీ కంప్యూటర్లో లేదు, పైగా పెదనాన్న పేరు మీద ఉంది. జూలైలో దరఖాస్తు పెట్టాను. ఇన్‌స్పెక్షన్ రోజు ఇంజన్ నంబరు దగ్గర పెయింట్ గీకి చూశారు, కాబట్టి అక్కడ మందంగా పెయింట్ వేయించొద్దు.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున బొల్లారం దాకా నడిపాను. పెదనాన్న ఎక్కలేదు, మోకాళ్లు ఒప్పుకోవు. ట్యాంకు కింద చెయ్యి పెట్టి తడిమి, "పెట్రోల్ ట్యాప్ కారుతోంది" అన్నాడు. నిజమే. కార్కు ఎండితే కుదించుకుపోతుంది, కొత్తది నానబెట్టి మార్చాను.

మొత్తం ఖర్చు లక్షా ముప్పై వేలు దాటింది, రిజిస్ట్రేషన్ ఫీజు కాకుండా. అందులో ఇంగ్లండ్ పార్సిల్, దాని సుంకం కలిపి దాదాపు 39 వేలు. పార్టుల కోసం తిరిగిన పెట్రోల్ లెక్క వేయలేదు. టూల్‌బాక్స్ మూత ఇంకా దొరకలేదు. అట్టముక్క మీద దాని ఆకారం గీసి పెట్టుకున్నాను, డిసెంబరులో రేకు పని చేసే ఉస్తాద్ చూస్తానన్నాడు.